కోటు పోయిన దర్వాను: ‘డెర్ లెట్స్‌టె మాన్’ ఎలా చూడాలి, ఎలా చూపించాలి

1924 నాటి జర్మన్ మూగ సినిమా ‘డెర్ లెట్స్‌టె మాన్’ కథ చెప్పమంటే నాలుగు ముక్కల్లో అయిపోతుంది. మహానగరంలో అట్లాంటిక్ అని ఒక పెద్ద హోటలు. దాని గుమ్మంలో మెరిసే గుండీల పొడుగు కోటు, టోపీ, గుబురు మీసాలతో నిలబడే ముసలి దర్వాను. ఓ వానరాత్రి బరువైన పెట్టె దింపి, ఆయాసం వచ్చి కాసేపు కూలబడతాడు. అది మేనేజరు కంట్లో పడుతుంది. మర్నాటికల్లా కోటు విప్పించి, కింద బాత్రూముల దగ్గర తువ్వాళ్లు అందించే పనికి మార్చేస్తారు. గంటన్నర సినిమాకి ఇదా కథ అంటే, ఇదే. ఉద్యోగం ఊడలేదు. జీతం ఎంత తగ్గిందో ఎక్కడా చెప్పరు. ఊడింది కోటు. ఆ కోటు మీద ఒక కన్నేసి ఉంచితే సినిమా దానంతటదే అర్థమవుతూ పోతుంది. కోటుని వదిలేసి ముసలాయన కన్నీళ్ల వెంట పోతే మాత్రం అరగంటకి ‘పాపం’ అనిపించి, ఆ తర్వాత ఆవలింతలొస్తాయి.

కోటులో ఏముందో మన వైపు వాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు. కలెక్టరు గది బయట ఎర్ర డవాలీ, ఇత్తడి బిళ్లతో నిలబడే బంట్రోతుకి, లోపల కూర్చున్న గుమాస్తాకంటే ఎక్కువ దణ్ణాలు అందేవి. ‘బిళ్ల బంట్రోతు’ అన్న మాటలోనే మనిషికంటే ముందు బిళ్ల ఉంది. బెజవాడ స్టేషన్లో ఎర్ర చొక్కా కనిపిస్తే చెయ్యెత్తి పిలుస్తాం, చొక్కా లోపలి మొహం ఎవరికీ గుర్తుండదు. కల్యాణమండపాల గేటు దగ్గర అద్దె తలపాగా చుట్టి సెల్యూట్ కొట్టించే కుర్రాళ్లు సరేసరి. తలపాగా తీసి టీకొట్టు దగ్గర నిలబడ్డారంటే పెళ్లివాళ్లే ఆనవాలు పట్టరు. జర్మన్ దర్వాను సంగతీ అంతే. ఆయన కాపురముండేది నాలుగు వైపులా వాటాలు, మధ్య లోగిలి ఉన్న పేదల బస్తీలో. సత్యనారాయణపురం పాత వాటాల ఇళ్లు తెలిసినవాళ్లకి ఆ లోగిలి కొత్తగా అనిపించదు. పొద్దున్నే దుప్పట్లు దులుపుతున్న ఆడవాళ్లు ఆయన కోటులో బయటికి రాగానే ఒదిగి పలకరిస్తారు. ఆయన చెయ్యి టోపీ దగ్గరికి ఎత్తి సైనికాధికారిలా సెల్యూట్ చేస్తాడు. పేరుకి దర్వాను, లోగిట్లో మాత్రం జనరల్.

సినిమా తీసింది ఎఫ్.డబ్ల్యు. మూర్నౌ, ఉఫా అనే జర్మన్ సినిమా కంపెనీకి. నిర్మాత ఎరిక్ పొమ్మర్, రచయిత కార్ల్ మాయర్, కెమెరా కార్ల్ ఫ్రాయండ్, సెట్లు రాబర్ట్ హెర్ల్ట్, వాల్టర్ రోహ్రిగ్. దర్వాను వేషం ఎమిల్ జానింగ్స్‌ది. బెర్లిన్‌లో మొదటి ప్రదర్శన 1924 డిసెంబరు 23న. అప్పటికి బెజవాడలో మారుతీ సినిమా హాలు మొదలై మూడేళ్లు. జానింగ్స్‌కి అప్పుడు నిండా నలభై ఏళ్లే. మెడ, నడుం, మోకాళ్లతోనే అరవై దాటినవాడైపోయాడు. 1929లో మొట్టమొదటి ఆస్కార్ ఉత్తమ నటుడి బహుమతి కూడా ఆయనకే వచ్చింది (వేరే సినిమాలకి). ఆనక నాజీల ప్రచార చిత్రాల్లో నటించి పేరు పాడుచేసుకున్నాడు, అది వేరే కథ.

తీసిన కాలం కూడా మనసులో పెట్టుకోవాలి. 1923 నవంబరులో ఒక్క డాలరుకి 4 లక్షల 20 వేల కోట్ల మార్కులు పలికిన దేశం అది. జీవితమంతా దాచుకున్నది రొట్టెముక్కకి చాలకుండా పోయింది. రాత్రికి రాత్రి మనిషి విలువ మారిపోవడం అక్కడి ప్రేక్షకుడికి కవిత్వం కాదు, బ్యాంకు పుస్తకం. జర్మన్ ప్రతి మొదట్లో వచ్చే కార్డు (మూగ సినిమాల్లో తెర మీద రాసి చూపించే వాక్యం) సరిగ్గా అక్కడే పొడుస్తుంది. దాని సారం ఇది: ఈ రోజు నువ్వు అందరికంటే ముందున్నావు, మంత్రివి, సేనానివి, రాజువి కూడా కావచ్చు, రేపు ఎవరివో నీకు తెలుసా?

ఈ ప్రశ్న వినగానే గుంటూరు, కృష్ణా జిల్లాల వాడికి హరిశ్చంద్ర నాటకం కాటిసీను గుర్తురాకపోతే ఆశ్చర్యమే. రాజు కాటికాపరి అవుతాడు. గొంగళి, కర్ర, కుండ వస్తాయి. వేషం మారిన క్షణంలోనే కథ మారుతుంది. పోలిక ఇక్కడిదాకా బాగానే నడుస్తుంది. ఆ తర్వాతే అసలు తేడా. హరిశ్చంద్రుడికి కిరీటం పోయినా చేతిలో సత్యం ఉంది, రాగం తీసి పద్యం పాడుకోవడానికి ఒక వ్రతం ఉంది. ఈ దర్వానుకి కోటు తప్ప ఏ వ్రతమూ లేదు. విప్పేస్తే లోపల ఏమీ మిగలలేదు. అందుకే ఈ సినిమా కాటిసీనుకంటే ఒక విధంగా ఘోరంగా ఉంటుంది. ముసలాయన మంచివాడో చెడ్డవాడో మూర్నౌ తేల్చడు కూడా. లోగిట్లో ఏడుస్తున్న పిల్లాణ్ణి ఓదార్చేదీ ఆయనే, కోటు వేసుకుని కోడిపుంజులా ఛాతీ విరుచుకునేదీ ఆయనే.

ఇక కోటుని వెంబడించే విధానం. మొదటి వానసీనులో కోటు సరిగ్గా కనిపించదు, పైన మెరిసే వానకోటు ఉంటుంది. బండి పైనుంచి పెద్ద పెట్టె భుజానికెత్తుకుని లోపలికి తెచ్చాక, ఆ పైకోటు విప్పి కూర్చుంటాడు. అప్పుడే మేనేజరు చూస్తాడు. గమనించండి: పై తొడుగు తీసి ఒక్క నిమిషం మామూలు మనిషైనందుకే ఆయన పతనం మొదలైంది. మర్నాడు అద్దాల తిరుగుడు తలుపు దగ్గరికి వచ్చేసరికి అలాంటి కోటే ఇంకొకడి ఒంటి మీద ఉంటుంది. జానింగ్స్ అక్కడ మొహంతో ఎక్కువ పనిచేయడు. అర్థంకాక అటూ ఇటూ చూసే తల, గాల్లో ఆగిపోయిన చెయ్యి, అంతే. ఆయన్ని ఆ షాట్‌లో చూసినవాళ్లు, ఆ తర్వాత బాత్రూములో మరీ వంగిపోయినప్పుడు ‘ఇంత అక్కర్లేదయ్యా’ అనుకుంటారు. నిజమే, కొన్నిచోట్ల నటన ముదిరింది. పద్యనాటకం అలవాటున్న కళ్లకి ఇబ్బందుండదు గానీ, కొత్త కుర్రాళ్లకి ముందే చెప్పిపెట్టడం మంచిది.

మేనేజరు గదిలో ఉత్తరం చదివే సీను దగ్గర మాత్రం తొందరపడకూడదు. కెమెరా గది బయట, అద్దాల అవతల మొదలై లోపలికి చేరుతుంది. ముసలాయన కళ్లజోడు తీసి తగిలించుకుంటాడు. ఉత్తరం తెరనిండా వస్తుంది. ఇన్నేళ్లు పనిచేశావు కాబట్టి తీసెయ్యకుండా మారుస్తున్నాం, కారణం ముసలితనపు నీరసం అన్నట్టు ఉంటుంది. మేనేజరు తన పని తాను చూసుకుంటుంటాడు, తిట్టడు, కసరడు. ముసలాయన మాత్రం గదిలో ఉన్న పెట్టెని ఎత్తబోతాడు, తన సత్తువ ఇంకా ఉందని చూపించడానికి. ఎత్తలేక కూలిపోతాడు. అప్పుడు కుర్ర నౌకరు వచ్చి, ఒక్కో చెయ్యే లాగి కోటు విప్పుతాడు. లాగడంలో ఒక గుండీ తెగి నేల మీద పడుతుంది. తెర మీద ఆ గుండీ ఉండేది కాసేపే. కూడా ఉన్నవాళ్లతో మాట్లాడుతూ చూస్తే తప్పిపోతుంది. చర్మం ఒలిచినట్టు కోటు ఒలిచారనడానికి ఆ గుండీయే రక్తపుబొట్టు.

తర్వాత దొంగతనం. ఆ రాత్రి ఇంట్లో పెళ్లి. పెళ్లికూతురు ఆయన అన్నదమ్ముల పిల్లో తోబుట్టువు పిల్లో అన్నట్టు జర్మన్ పాత్రల పట్టికలో ఉంటుంది. బయట తిరిగిన కొన్ని ప్రతుల్లో కూతురు అని రాశారు. ఏదైనా కథకి తేడా లేదు: కోటు లేకుండా ఆ పెళ్లికి వెళ్లలేడు. బీరువాలోంచి తన కోటే తను దొంగిలించి పరుగెడుతుంటే, వెనక హోటలు భవనం మొత్తం మీదికి వాలి కూలబోతున్నట్టు కనిపిస్తుంది. పట్టుబడతానన్న భయం అది. చేసింది దొంగతనమని ఒక్క మాటలో కూడా చెప్పలేదు, భవనాన్ని వంచేశారు.

మర్నాడు స్టేషన్ సామాన్ల గదిలో కోటు దాచిపెట్టి కిందికి పనికి పోతాడు, సాయంత్రం తీసి తొడుక్కుని లోగిట్లోకి జనరల్‌లా నడిచొస్తాడు. మన క్లోక్ రూము లాంటిదే, చీటీ ఇచ్చి సామాను పెట్టుకునే చోటు. ఈ రెండు జీవితాల మధ్య ఉన్నది ఒక చీటీ. ఇది ఎక్కువ రోజులు సాగదని చూసే వాళ్లకి తెలుస్తూనే ఉంటుంది. పెళ్లికొడుకు తరఫు మేనత్త ఒకావిడ ప్రేమగా క్యారేజీలాంటి గిన్నెలో భోజనం పట్టుకుని హోటలుకి వస్తుంది. గుమ్మంలో ఆయన లేడు, కిందకి వెళ్లమంటారు. తలుపు సందులోంచి బయటికి తొంగిచూసిన ఆ మొహం, ఆవిడ కేక. మంచి చేద్దామని తెచ్చిన కూడే కొంప ముంచింది. ఇంత నిర్దాక్షిణ్యమైన సన్నివేశం కల్పించడానికి కార్ల్ మాయర్ లాంటివాడే కావాలి.

ఆఖరున కోటు తిరిగి హోటలుకి వస్తుంది. రాత్రి కాపలావాడు లాంతరు పట్టుకుని కలుస్తాడు, కోటు లోపల పెట్టడానికి సాయం చేస్తాడు. బాత్రూములో గోడకి జారబడ్డ ముసలాయన మీద, ఆ కాపలావాడు తన కోటు తీసి కప్పుతాడు. ఆ కోటుకి బంగారు గుండీల్లేవు, దాన్ని చూసి ఎవరూ దణ్ణం పెట్టరు. సినిమా మొత్తమ్మీద చలికి వేసుకున్న కోటు అదొక్కటే. ఆ కాపలావాడి వేషం వేసింది గేయార్గ్ యోన్. ఆయనకి దక్కిన నిమిషాలు తక్కువే, చేతిపని మాత్రం గొప్పది.

కెమెరా గురించి అందరూ రాస్తారు, కాబట్టి తగుమాత్రం చెప్పుకుందాం. ‘కట్లు తెంచుకున్న కెమెరా’ అని జర్మన్లు పెట్టిన పేరుకి ఈ సినిమాయే కారణం. ఆరంభంలో కెమెరా లిఫ్టులో కిందికి దిగుతుంది, లాబీ దాటి తిరుగుడు తలుపు దాకా పోతుంది. దానికి ఫ్రాయండ్ వాడింది సైకిలు. పెళ్లి రాత్రి తాగిన మత్తు చూపించడానికి కెమెరాని ఒంటికి కట్టుకుని తనే తూలుతూ తిరిగాడు. ఇవి అందరికీ తెలిసినవే. ఇంతకంటే తెలివైనది లోగిట్లో బాకా ఊదే షాటు. తాగిన బంధువు కింద బాకా ఊదుతుంటాడు, పైన కిటికీ దగ్గర ముసలాయన వింటుంటాడు. కెమెరా బాకా మూతి నుంచి విడివడి, శబ్దం పోయే దారిలోనే దూరంగా జరుగుతుంది. మూగ సినిమాలో చప్పుడుని కంటికి చూపించాలంటే ఇంకో మార్గం ఏముంది? అలాగే పుకారు పాకే ఘట్టం: నోటి నుంచి చెవికి, చెవి నుంచి ఇంకో నోటికి. పొద్దున ‘ఫలానా వాళ్లింట్లో’ అని మొదలైతే సాయంత్రానికి గాంధీనగరం దాటిపోయే మన వార్తల వేగం అదే.

హోటలు ముందు వీధిలో కనిపించే లోతు అంతా నిజం కాదు. దూరమయ్యే కొద్దీ చిన్నవైన బొమ్మకార్లు, కురచబడ్డ కట్టడాలు పెట్టి కంటిని మోసం చేశారు. సురభి వాళ్ల తెరల్లో రాజవీధి దూరమంతా గీసి చూపిస్తారు, ఇక్కడ దాన్ని కొయ్యతో, సున్నంతో కట్టారు. ఆ ఏడాది అదే బాబెల్స్‌బర్గ్ స్టూడియోలో వేరే సినిమాకి పనిచేస్తున్న పాతికేళ్ల హిచ్‌కాక్, తర్వాత పేరుమోసిన దర్శకుడు, ఇక్కడికొచ్చి చూసి నేర్చుకున్నాడు.

కార్డుల విషయంలో ఒక అపోహ ఉంది. ‘ఒక్క మాట కూడా లేని సినిమా’ అంటారు. మాటల కార్డులు లేని మాట నిజమే, పాత్రలు మాట్లాడినట్టు ఎక్కడా రాసి చూపించరు. కానీ చదవాల్సినవి ఉన్నాయి: మొదటి కార్డు, మేనేజరు ఉత్తరం, పెళ్లి కేకు మీద క్రీముతో రాసిన అక్షరాలు, చివర్లో వార్తాపత్రిక, దానికి ముందొచ్చే ఒకే ఒక్క కథన కార్డు. బెజవాడలో, గుంటూరులో పదిమందికి చూపించాలనుకుంటే ఈ ఐదింటికీ తెలుగు చేసి పెట్టుకోవాలి. ఉపశీర్షిక ఫైలు (ఎస్సార్టీ) తయారుచేస్తే మొత్తం పది, పన్నెండు వరుసలకి మించదు. ఒక్కో వరుసకి కనీసం ఆరు సెకన్లు ఇవ్వండి. తెలుగు వరుస ఇంగ్లిషుకంటే పొడుగవుతుంది, అదే నిడివిలో ఇరికిస్తే సగంలో మాయమవుతుంది. ఫైలు సేవ్ చేసేటప్పుడు యూటీఎఫ్-8లో చెయ్యకపోతే తెర మీద అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు వరసగా నిలబడతాయి. ఒత్తులు విడిపోతుంటే ప్లేయర్లో ఫాంటు మార్చాలి, ప్రదర్శన రోజు కాదు, ముందురోజే చూసుకోవాలి.

ఏ ప్రతి చూడాలన్నది అన్నిటికంటే ముఖ్యం. ఆ రోజుల్లో ఒక నెగెటివ్ నుంచి దేశదేశాలకి లెక్కలేనన్ని ప్రింట్లు తీస్తే అది అరిగిపోతుంది. అందుకని ఈ సినిమాకి మూడు నెగెటివ్‌లు తయారుచేశారు: జర్మనీకొకటి, అమెరికాకొకటి, మిగతా దేశాలకొకటి. మూడూ ఒకటే సినిమా, మూడూ ఒకటే షాట్లు కావు. కొన్ని పక్క కెమెరాతో తీసినవి, కొన్ని వేరే టేకులు. మూర్నౌ మెచ్చుకున్న టేకులు జర్మన్ నెగెటివ్‌లో ఉన్నాయి. చిన్నచిన్న పొరపాట్లు మిగతా రెండు రకాల ప్రతుల్లో దొర్లుతాయి. ఇంటర్నెట్లో ఉచితంగా దొరికే మసక ప్రతి చూసి ‘ఇందులో ఏముంది’ అన్నవాళ్లది తప్పు కాదు, వాళ్లు చూసింది నకలు. పాత జర్మన్ సినిమాల్ని భద్రపరిచే మూర్నౌ ఫౌండేషన్ కోసం లూసియానో బెర్రియాటువా చేసిన 2003 నాటి పునరుద్ధరణ జర్మన్ ప్రతిని ఆధారం చేసుకున్నది. జుసెప్పె బెక్చె 1924లో కట్టిన సంగీతాన్ని డెట్లెఫ్ గ్లానర్ట్ వాద్యబృందానికి మళ్లీ రాసింది దానికే. డిస్క్ మీద ఈ పేర్లుంటే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు.

పేర్లు లేకపోతే నిడివి చూడండి. లెక్క తేలిక. సినిమా పొడవు 2036 మీటర్లు. 35 మిల్లీమీటర్ల ఫిల్ముకి మీటరుకి దాదాపు 52.5 ఫ్రేములు, అంటే మొత్తం 1,07,000 దాకా. సెకనుకి 20 ఫ్రేముల చొప్పున తిప్పితే 89 నిమిషాలు, 18 చొప్పున అయితే 99, ఇప్పటి 24 వేగంతో అయితే 74. కాబట్టి 90 నిమిషాల దగ్గరున్నది సరైన వేగం. 74కి అటూ ఇటూ ఉన్నదంటే వేగం పెంచారు, లేదా కోశారు. వేగం పెరిగిన ప్రతిలో ముసలాయన నడక గంతులేసినట్టుంటుంది, కన్నీళ్ల దగ్గర జనం నవ్వుతారు. మూగ సినిమాలంటే ఎలుకల్లా పరుగెత్తే మనుషులు అన్న అభిప్రాయం చాలావరకు ఈ పొరపాటు వల్ల వచ్చిందే. చేతిలో 24 వేగం ప్రతి తప్ప ఇంకోటి లేకపోతే వీఎల్‌సీ ప్లేయర్లో ప్లేబ్యాక్ వేగం 0.83కి దించండి, దాదాపు 20కి వస్తుంది. అందులో ఉన్న సంగీతం బండగా సాగుతుంది కాబట్టి దాన్ని ఆపెయ్యాలి.

టీవీలో ‘మోషన్ స్మూత్’ లాంటి పేర్లతో ఉండే సౌకర్యం ఆపెయ్యండి. అది లేని ఫ్రేముల్ని పుట్టించి, తిరుగుడు తలుపుని మైనపు ముద్ద చేస్తుంది. ఆకారం కూడా సరిచూడాలి. సినిమా చదరం లాంటిది, నాలుగు వెడల్పుకి మూడు ఎత్తు. ఇప్పటి తెరలు పదహారుకి తొమ్మిది. అంటే తెర వెడల్పులో ముప్పావు వంతే బొమ్మ, రెండు పక్కలా ఎనిమిదో వంతు చొప్పున నలుపు. ఎనిమిది అడుగుల తెర కడితే బొమ్మ ఆరడుగుల వెడల్పు, నాలుగున్నర ఎత్తు. ఆ నలుపు చూసి ‘తెర వేస్టవుతోంది’ అని రిమోట్ నొక్కేవాడు ప్రతి గుంపులో ఒకడుంటాడు. నొక్కితే జానింగ్స్ మూడోవంతు లావవుతాడు. ఆయన మామూలుగానే లావు.

హక్కుల మాట కూడా ఒకటుంది. సినిమా విడుదలై నూరేళ్లు దాటింది, మన చట్టం సినిమాలకిచ్చే 60 ఏళ్ల గడువు ఎప్పుడో ముగిసింది. అయితే కొత్తగా రాసిన సంగీతానికి, రికార్డింగుకి హక్కులు బతికే ఉంటాయి. ఇంట్లో చూసుకుంటే ఏ గొడవా లేదు. హాలు తీసుకుని, కరపత్రం వేసి చూపించేటట్టయితే ఆ డిస్క్ వేసిన వాళ్లని అడగాలి, లేదా సొంత సంగీతం పెట్టుకోవాలి.

సొంత సంగీతం అనగానే మన వైపు వచ్చే మొదటి ఆలోచన నాటకాల హార్మోనిస్టు. మంచి ఆలోచనే, కాకపోతే ఆయన్ని అదుపులో పెట్టాలి. పద్యానికి ముందు రాగం అందుకోవడం, తర్వాత సాగదీయడం ఆయన చేతిలో ఉండిపోయిన అలవాటు. ఇక్కడ పద్యం రాదు. సినిమా ముందే రెండుసార్లు చూపించి, ఎక్కడ వాయించకూడదో ముందు రాయించండి. ఉత్తరం చదివేటప్పుడు వాయించకూడదు. గుండీ పడ్డాక ఒకే ఒక్క మెట్టు నొక్కి వదిలెయ్యాలి. బాకా సీనుకి ముందు రెండు నిమిషాలు హార్మోనియం పూర్తిగా ఆగాలి, లేకపోతే బాకా చప్పుడు ‘కనిపించదు’. పెళ్లి అనగానే సన్నాయి పెడదామంటారు. వద్దు, హాలంతా మన పెళ్లి వాతావరణం నిండిపోయి జర్మన్ లోగిలి మాయమవుతుంది. తబలా ఒక్కటి చాలు, అదీ కోటుతో నడిచొచ్చే చోట మాత్రమే, కవాతు నడకకి. అదే నడక రెండోసారి, దొంగిలించిన కోటులో వచ్చినప్పుడు, అదే దెబ్బని ఒక మాత్ర ఆలస్యంగా వెయ్యమనండి. ఏం మారిందో ఎవరికీ తెలియదు, ఏదో మారిందని అందరికీ తెలుస్తుంది.

హాలు విషయానికొస్తే, ఈ సినిమాలో సగం రాత్రి, వాన, మెట్ల కింద చీకటి. గదిలో వెలుతురుంటే బాత్రూము మెట్లు బూడిదరంగు గోడలా కనిపిస్తాయి. మా ఊళ్లలో ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఏడు దాటితేగానీ పూర్తి చీకటి పడదు, కాబట్టి ఏడుంబావుకి మొదలుపెట్టడం మేలు. సీలింగు ఫ్యాను ప్రొజెక్టరు కాంతికి అడ్డం వచ్చిందంటే బొమ్మ మినుకుమినుకుమంటుంది. అది పాత సినిమా గుణం అనుకుని జనం సర్దుకుపోతారు కూడా. కాంతిదారిలో ఉన్న ఫ్యాను ఆపి, గోడ ఫ్యాన్లు పెట్టండి. కరెంటు పోయి ఇన్వర్టరు అందుకునే అరసెకనులో ప్రొజెక్టరు ఆరిపోతుంది, మళ్లీ వెలగాలంటే బల్బు చల్లారాలి. ఉత్తరం సీనులో ఇలా జరిగితే సాయంత్రం పోయినట్టే. 300 వాట్ల లోపు ప్రొజెక్టరుకి 600 వీఏ యూపీఎస్ చాలు. ల్యాప్‌టాప్‌కి సొంత బ్యాటరీ ఉంటుంది కదా, దాన్ని యూపీఎస్‌కి తగిలించి భారం పెంచకండి.

ఇక చివరి ముక్క. కాపలావాడు కోటు కప్పాక, సినిమా అయిపోయిందనే అనిపిస్తుంది. అప్పుడొస్తుంది ఆ ఒక్క కథన కార్డు. దాని తాత్పర్యం: నిజానికి కథ ఇక్కడే ఆగాలి, బయట లోకంలో ఈ ముసలాయనకి చావు తప్ప ఎదురుచూసేదేమీ ఉండదు, కానీ రాసినవాడికి జాలేసి, జరగడానికి బొత్తిగా వీల్లేని ముగింపు ఒకటి జోడించాడు. ఆ తర్వాత వార్తాపత్రిక చెబుతుంది: ఏ.జి. మనీ అనే కోటీశ్వరుడు ఎవరి చేతుల్లో ప్రాణం విడిస్తే వాళ్లకే ఆస్తి అని వీలునామా రాశాడట, ఆయన పోయింది ఆ బాత్రూములోనే, ఈ ముసలాయన చేతుల్లోనే. ‘మనీ’ అన్న పేరు పెట్టడంలోనే వెక్కిరింత ఉంది. ఇంగ్లిషులో సినిమా పేరు ‘ది లాస్ట్ లాఫ్’ అయింది, అంటే ఆఖరి నవ్వు మనదే అన్నట్టు. జర్మన్ పేరుకి అర్థం ‘ఆఖరి మనిషి’, వరసలో అందరికంటే వెనకున్నవాడు. ఇంగ్లిషు పేరు ఈ ముగింపుని నమ్మమంటుంది, జర్మన్ పేరు నమ్మొద్దంటుంది.

ఈ ముగింపుని తిట్టిన విమర్శకులు చాలామంది. హరిశ్చంద్ర నాటకంలో విశ్వామిత్రుడు ప్రత్యక్షమై రాజ్యం తిరిగిచ్చేటప్పుడు మనం ఎవరం తిట్టం, ఎందుకంటే అక్కడ దేవతలు నిజమని ముందే ఒప్పుకుని కూర్చున్నాం. మూర్నౌ, మాయర్ మాత్రం ప్రత్యక్షం చేసింది అబద్ధం అని ముందే రాసి మరీ ప్రత్యక్షం చేశారు. నా మటుకు నాకు ఇది సినిమాలో బలహీనమైన భాగం అనిపించదు, నిడివి మాత్రం ఎక్కువైంది. తిండి సీను సగానికి కోసినా నష్టం లేదు. కార్డు రాగానే లైట్లు వెయ్యకండి. సగంమంది లేచి చెప్పులు వెతుక్కుంటారు. తెలుగు అనువాదాన్ని ఒక గొంతు నెమ్మదిగా చదివితే ఆగుతారు.

ఆగినవాళ్లు చూడాల్సింది భోజనం బల్ల కాదు. తినడం మధ్యలో ముసలాయన లేచి కిందికి, బాత్రూముకి వెళ్తాడు. అక్కడ ఆయన పాత కుర్చీలో ఇంకో ముసలివాడు కూర్చుని తువ్వాలు అందిస్తుంటాడు. ఆయన్ని కావలించుకుని, డబ్బిచ్చి వస్తాడు. వీలునామా ఒక్కరికే. కుర్చీ మాత్రం ఖాళీగా లేదు.